గడ్డి మీద పాఠాంతరాలు

నాకు గోల్ఫ్ ఆడటం రాదు. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

పదకొండేళ్ళుగా నేను ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ నగరాన్ని ఆనుకుని ఉన్న డబ్లిన్‌లో ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటి నించి పది నిముషాల దూరంలో మ్యూర్‌ఫీల్డ్ విలేజ్ గోల్ఫ్ క్లబ్ ఉంది. ఏటా వేసవి మొదట్లో అక్కడ మెమోరియల్ టోర్నమెంట్ జరుగుతుంది. ప్రపంచంలో పేరున్న ఆటగాళ్ళు చాలామంది వస్తారు. చాలాకాలం ఆ క్లబ్బుతో నాకున్న సంబంధం ఒక్కటే: ఆ వారం ఏ దారిన వెళితే ట్రాఫిక్ తప్పించుకుని ఆఫీసుకి చేరవచ్చు అన్నది.

2020 జులై 19, ఆదివారం నాడు అది మారింది. కోవిడ్ రోజులు. టోర్నమెంటుని జులైకి జరిపారు, ప్రేక్షకుల్ని రానివ్వలేదు. చేసే పనేమీ లేక టీవీ పెట్టాను. ఆఖరి రోజు ఆట నడుస్తోంది. ఆటగాళ్ళు ముందు తొమ్మిది హోళ్ళూ దాటి వెనక భాగంలోకి వెళుతున్నారో లేదో, వాళ్ళు వదిలి వెళ్ళిన గ్రీన్లని యంత్రాలు తవ్వేస్తున్నాయి. పెళ్ళి భోజనాలు ఒకపక్క అవుతుండగానే ఇంకోపక్క పందిరి విప్పేస్తున్నట్టుంది. విజేత ఎవరో ఇంకా తేలలేదు.

ఆ కోర్సు కట్టించినది జాక్ నిక్లాస్. అప్పటికి ఆయనకి ఎనభై ఏళ్ళు. తవ్విస్తున్నదీ ఆయనే. నలభై ఆరేళ్ళ కింద తాను కట్టిన దాన్ని, అందరూ మెచ్చుకున్న దాన్ని, ఆట పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా తవ్వించేంత తొందర ఆయనకెందుకు? ఆ ప్రశ్నతో మొదలుపెట్టి నేను చదివినదీ, చూసినదీ ఈ వ్యాసం.

పేరు ఒకచోటిది, రూపు ఒకచోటిది

గోల్ఫ్ పుట్టింది స్కాట్లండ్ సముద్రతీరంలో. ఇసుక నేల, ఎదిగీ ఎదగని గడ్డి, గాలి. చెట్లు లేవు. పంటకి పనికిరాని ఆ నేలని లింక్స్ అంటారు. ఆ కోర్సుల్ని చాలావరకు గాలీ గొర్రెలూ తయారు చేశాయి, మనుషులు జెండాలు పాతారు. ఆట సముద్రాన్ని వదిలి లోపలి నేలకి వచ్చాక రెండో రకం పుట్టింది. ఇంగ్లండు జమీందారుల తోటల్లాగా పెద్ద చెట్లు, వాగులు, కోసిన పచ్చిక. దీన్ని పార్క్‌లాండ్ కోర్సు అంటారు. లింక్స్ నేల ఇసుక కాబట్టి వాననీటిని తాగేస్తుంది. పార్క్‌లాండ్ నేల సాధారణంగా బంకమట్టి, నీళ్ళు నిలుస్తాయి. గడ్డి ఏపుగా పెరుగుతుంది, తెగుళ్ళు వస్తాయి, చెట్లు నీడ పరుస్తాయి. అంటే పార్క్‌లాండ్ కోర్సు చూడటానికి ప్రకృతిలా ఉంటుంది గానీ, ఒక్క నెల వదిలేస్తే ప్రకృతి దాన్ని మింగేస్తుంది.

నిక్లాస్ 1940లో కొలంబస్‌లోనే పుట్టాడు. తండ్రి ఫార్మసిస్టు. సయోటో కంట్రీ క్లబ్‌లో ఆట నేర్చుకున్నాడు. 1966లో జార్జియాలోని అగస్టాలో మాస్టర్స్ ఆడుతున్నప్పుడు, ఇలాంటిది మా ఊళ్ళో ఎందుకుండకూడదు అనిపించిందట ఆయనకి. అదే ఏడాది స్కాట్లండ్‌లో మ్యూర్‌ఫీల్డ్ అనే లింక్స్ మీద మొదటిసారి బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. తన కోర్సుకి ఆ పేరు పెట్టుకున్నాడు. కాబట్టి మా ఊరి మ్యూర్‌ఫీల్డ్ పేరు చెట్టన్నది లేని సముద్రపు ఒడ్డు నించి వచ్చింది, రూపు మాత్రం పైన్ చెట్ల అగస్టాని చూసి వచ్చింది. పన్నెండో హోల్, నీటి మీదుగా కొట్టాల్సిన చిన్న హోల్, అగస్టా పన్నెండోదానికి చెల్లెలు.

ఆ రోజుల్లో డబ్లిన్ ఒక పల్లె. 1970 జనాభా లెక్కల్లో 681 మంది. 2020 నాటికి 49 వేల పైచిలుకు. వాళ్ళలో తెలుగువాళ్ళమూ ఉన్నాం. కోర్సు చుట్టూ ఇళ్ళ కాలనీ వేసి, పొలాల్ని ఊరుగా మార్చిన పనుల్లో ఈ గోల్ఫ్ క్లబ్ ముఖ్యమైనది. మేమంతా ఒక రకంగా ఆ గడ్డి అంచున మొలిచినవాళ్ళమే.

అంతకు ముందు ఇది వయన్‌డాట్ జాతి వాళ్ళ నేల. వాళ్ళ పెద్ద లెదర్‌లిప్స్ తెల్లవాళ్ళతో సంధికి ఒప్పుకున్నవాడు. 1810లో సాటి వయన్‌డాట్‌లే చేతబడి నేరం మోపి ఆయన్ని చంపారు. సయోటో నది ఒడ్డున ఉన్న పార్కులో సున్నపురాతి పలకలు పేర్చి చేసిన ఆయన తల ఉంది. మా పిల్లలు దానిమీదకి ఎక్కి ఆడుకుంటారు. మెమోరియల్ వారంలో వాన పడటం మామూలు కాబట్టి, అది లెదర్‌లిప్స్ శాపమని ఊళ్ళో ఒక మాట. 1993లో నిక్లాస్ భార్య బార్బరా ఆయన స్మారకం దగ్గర ఒక గ్లాసు జిన్ పెట్టి వచ్చింది. మన ఊళ్ళలో అమ్మవారికి కల్లు సాక పోసినట్టే. మనుషులు ఎక్కడైనా మనుషులే అనిపించింది అది చదివినప్పుడు.

మొదటి కూర్పు

కోర్సు 1974 మే 27న తెరిచారు. ఆ రోజు నిక్లాస్, మరో ఒహాయో ఆటగాడు టామ్ వైస్కాఫ్ ప్రదర్శన ఆట ఆడారు. డిజైనులో నిక్లాస్‌తో పాటు డెస్మండ్ మ్యూర్‌హెడ్ ఉన్నాడు, ఇంగ్లండులో పుట్టిన డిజైనరు. 1976లో మొదటి మెమోరియల్ జరిగింది.

ఈ మొదటి కూర్పులో చెప్పుకోదగ్గ ఆలోచన ఒకటుంది. అంతవరకు కోర్సులు ఆడేవాళ్ళ కోసం కట్టేవారు. చూసేవాళ్ళు ఎక్కడ నిలబడతారన్నది తర్వాతి మాట. ఇక్కడ మొదటి నించీ చూసేవాళ్ళని లెక్కలోకి తీసుకున్నారు. గ్రీన్లని లోయల్లో పెట్టి, చుట్టూ వాలుగా గట్లు వదిలారు. కుర్చీలు లేకుండానే గడ్డి మీద కూర్చుని వేలమంది చూడవచ్చు. మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు గోల్ఫ్ అర్థం కాకపోయినా ఎక్కడ కూర్చున్నా అంతా కనబడటం ఆశ్చర్యంగా ఉండింది. అదేదో అదృష్టం అనుకున్నాను. అది డిజైను.

ఇంత జాగ్రత్తగా కట్టినవాడు ఆ తర్వాత దాన్ని వదిలిపెట్టలేదు. టీలు వెనక్కి జరిపాడు, బంకర్లు పూడ్చాడు, కొత్తవి తవ్వించాడు, వాగుల్ని మళ్ళించాడు. ఒక టోర్నమెంటుకీ తర్వాతిదానికీ మధ్య ఏదో ఒకటి మారుతూనే ఉండేది. 1987లో రైడర్ కప్ ఇక్కడ జరిగినప్పుడు అమెరికా జట్టుకి కెప్టెన్ ఆయనే. అమెరికా సొంత గడ్డ మీద ఆ కప్పు ఓడిపోవడం అదే మొదటిసారి, 15-13 తేడాతో. సొంత ఊళ్ళో, సొంత కోర్సు మీద.

రచయితలు ఇలా చేయరా అంటే చేస్తారు. కన్యాశుల్కం 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకం అనిపించేంతగా తిరగరాశాడు. మనం ఇవాళ చదివేదీ వేదిక మీద చూసేదీ ఆ రెండో కూర్పునే. మొదటి కూర్పు పరిశోధకుల బల్ల మీద ఉంది. 1915లో గురజాడ పోయాడు. ఇక మూడో కూర్పు లేదు. తర్వాత వచ్చినవాళ్ళు ముందుమాటలు రాయగలరు గానీ గిరీశం మాట ఒక్కటి మార్చలేరు. పుస్తకానికి ఆ సౌకర్యం ఉంది. రచయిత వదిలేసిన చోట అది ఆగుతుంది.

గడ్డి ఆగదు. 1974లో నాటిన మొక్క 2004కల్లా చెట్టవుతుంది. అది కొమ్మ చాస్తే, ఎడమ నించి కొట్టగలిగిన దెబ్బ ఇక కొట్టలేం. నిక్లాస్ ఏమీ చేయకుండా ఊరుకున్నా హోలు మారిపోతుంది. కాబట్టి "ఉన్నది ఉన్నట్టు ఉంచడం" అనేది ఇక్కడ లేదు. రంపం పట్టుకోవడం ఎంత నిర్ణయమో, పట్టుకోకపోవడమూ అంతే నిర్ణయం.

గజాల పరుగు

అలాగని మార్పులన్నీ ఒకే రకమని నేను అనుకోవడం లేదు. కొన్ని గడ్డి అడిగినవి. కొన్ని బంతి అడిగినవి.

1980లో అమెరికా టూర్ ఆటగాళ్ళ టీ దెబ్బ సగటున 257 గజాలు పోయేది. 2020లో 296. కర్ర తల పోయి టైటానియం తల వచ్చింది, బంతి లోపల దారం చుట్టలు పోయి గట్టి రబ్బరు వచ్చింది, ఆటగాళ్ళు కసరత్తు చేసి కండలు పెంచారు. గోతి ముందున్న బంకరు, ఒకప్పుడు భయపెట్టినది, ఇప్పుడు బంతి దాని మీదుగా ఎగిరిపోతుంటే ఉత్త అలంకారం. దాన్ని మళ్ళీ భయపెట్టేలా చేయాలంటే టీని వెనక్కి జరపాలి. మొదట్లో సుమారు 7,000 గజాలున్న మ్యూర్‌ఫీల్డ్ విలేజ్ 2021కి 7,543 గజాలైంది.

ఇందులో విచిత్రం ఏమిటంటే, బంతి దూరాన్ని తగ్గించాలని దశాబ్దాలుగా గట్టిగా వాదిస్తున్నవాళ్ళలో నిక్లాస్ ఒకడు. బంతి వల్ల కోర్సులు పాతబడుతున్నాయని, స్థలం, నీళ్ళు, డబ్బు వృథా అవుతున్నాయని చెబుతూనే ఉన్నాడు. చెబుతూనే తన టీలు వెనక్కి జరిపాడు. వాదన గెలిచేదాకా టోర్నమెంటు ఆగదు కదా. ఆట నియమాలు చూసే రెండు సంస్థలు, అమెరికాది, బ్రిటన్‌ది, బంతిని కట్టడి చేస్తామని 2023 డిసెంబరులో ప్రకటించాయి. ఈలోగా ప్రపంచమంతటా క్లబ్బులు గజాలు కొనుక్కుంటూనే ఉన్నాయి.

మరికొన్ని మార్పులు పూర్తిగా ఆయన పట్టుదల. 2006లో బంకర్లని చదును చేసే రేకుల పళ్ళ మధ్య సందులు పెద్దవి చేయించాడు. ఇసుకలో దుక్కి దున్నినట్టు చాళ్ళు పడేవి, బంతి ఆ చాళ్ళలో కూర్చునేది. ఆటగాళ్ళు గొడవ పెట్టారు. ఆయన ఉద్దేశం సులువే: బంకరంటే శిక్షగా ఉండాలి, ఈ కాలం ఆటగాళ్ళకి అది గడ్డి కంటే సుఖమైన చోటైపోయింది. చూడండి, ఇందులో ఒక్క గజం జరపలేదు, ఒక్క పార మట్టి ఎత్తలేదు. రేకు మార్చాడు. ఆట మారింది.

2010 తర్వాత పదహారో హోల్‌ని తిరగగట్టి ఎడమ పక్క చెరువు తవ్వించాడు. 2012లో ఆ గ్రీను వెనక పొడుగు గడ్డిలోంచి, ఎదురుగా నీళ్ళున్న వాలు మీదకి బంతిని ఎత్తి టైగర్ వుడ్స్ నేరుగా గోతిలో వేశాడు. ఎన్నిసార్లు వేసి చూపించారో ఆ వీడియో. చెరువు లేకపోతే అది మంచి దెబ్బ. చెరువు ఉంది కాబట్టి గుర్తుండిపోయిన దెబ్బ.

రెండు వారాలు, ఒకే కోర్సు

మళ్ళీ 2020 జులైకి వస్తాను, నా ఆలోచన తిరిగింది అక్కడే కనక.

కోవిడ్ వల్ల ఇల్లినాయ్‌లో జరగాల్సిన ఒక టోర్నమెంటు రద్దయింది. ఆ ఖాళీలో ఇంకో టోర్నమెంటుని మా ఊళ్ళోనే పెట్టారు. అంటే వరసగా రెండు వారాలు, ఒకే కోర్సు మీద, దాదాపు ఒకే స్థాయి ఆటగాళ్ళు. జులై 9 నించి 12 వరకు వర్క్‌డే చారిటీ ఓపెన్. 16 నించి 19 వరకు మెమోరియల్. ప్రయోగశాలలో కూడా ఇంత చక్కటి పోలిక దొరకదు.

మొదటి వారం కాలిన్ మోరికావా, జస్టిన్ థామస్ నాలుగు రోజులకి 269 దెబ్బలతో సమానంగా నిలిచారు, ప్లేఆఫ్‌లో మోరికావా గెలిచాడు. రెండో వారం జాన్ రామ్ 279తో గెలిచాడు. పది దెబ్బల తేడా. అదీ ఎలా గెలిచాడు? ఆఖరి రోజు 75 కొట్టి, అంటే లెక్క ప్రకారం కొట్టాల్సిన 72 కంటే మూడు ఎక్కువ కొట్టి, ఇంకా మూడు దెబ్బల తేడాతో గెలిచాడు. పదహారో హోల్ దగ్గర గడ్డిలో బంతి వెనక కర్ర ఆనించినప్పుడు బంతి కంటికి ఆననంత కదిలిందని రెండు దెబ్బల జరిమానా కూడా పడింది.

ఏడు రోజుల్లో ఒక్క గ్రీనూ జరగలేదు, ఒక్క చెరువూ తవ్వలేదు. డిజైను అదే. మారిందేమిటి? వాతావరణం కొంత, ఎండా గాలీ పెరిగాయి. మిగతాదంతా పోషణ. మొదటి వారం గ్రీన్లని నెమ్మదిగా ఉంచారు, రెండో వారం గట్టిపరిచి వేగం పెంచారు. పక్కనున్న గడ్డిని పెరగనిచ్చారు. టీలూ గోతులూ కష్టమైన చోట్లకి మార్చారు.

గ్రీను వేగం అంటే ఏమిటో ఒక మాట. 1935లో ఓక్‌మాంట్‌లో యుఎస్ ఓపెన్ చూసిన ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆయనకి, ఈ గ్రీన్లు మరీ జారుడుగా ఉన్నాయి, దీన్ని కొలిచేదెలా అన్న అనుమానం వచ్చింది. గాడి ఉన్న పొడుగాటి బద్ద ఒకటి చేశాడు. దాని మీద బంతి పెట్టి, మెల్లగా ఒక చివర ఎత్తితే, ఒక కోణం రాగానే బంతి జారుతుంది. నేల మీద ఎన్ని అడుగులు దొర్లితే అది వేగం. అంతే. మామూలు క్లబ్బుల్లో తొమ్మిదో పదో అడుగులు. మెమోరియల్ వారంలో పదమూడు దాటుతుంది. ఆ మూడు నాలుగు అడుగుల కోసం గడ్డిని మూడు మిల్లీమీటర్ల కంటే తక్కువకి కోయాలి, రోలరు తిప్పాలి, నీళ్ళు తగ్గించాలి. గడ్డి చావక, బతకక మధ్యలో ఉండాలి. ఆ ఏడాది ఇంకొంచెం తెగించగలిగారు, ఎందుకంటే ఆ గ్రీన్లు ఎలాగూ సోమవారానికి ఉండవు.

నా ఉద్యోగంలో నేను చేసేది ఎక్కువగా మెయింటెనెన్స్. ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాములు పడిపోకుండా చూడటం. "నువ్వు ఏం తయారు చేశావు" అని అడిగితే చూపించడానికేమీ ఉండదు. నిన్న ఎలా నడిచిందో ఇవాళా అలాగే నడిచింది, అదే నా పని. డిజైను చేసినవాడు రచయిత, పోషించేవాడు లేఖకుడు అని నేనూ నమ్మేవాణ్ణి. ఆ పది దెబ్బల తేడా చూశాక ఆ నమ్మకం నిలబడలేదు. ఒక వారంలో కోర్సుని పది దెబ్బలు కష్టం చేయగలిగినవాడు నకలు రాసేవాడు కాడు.

గ్రీను అడుగున

మరి తవ్వడం ఎందుకు? ఆ జవాబు నేల కింద ఉంది.

అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో గ్రీను కట్టే పద్ధతి ఒకటి ప్రచురించింది. కొద్ది మార్పులతో ఇప్పటికీ అదే ప్రమాణం. అడుగు మట్టిని చదును చేసి, గాళ్ళు తీసి, చిల్లుల పైపులు పరుస్తారు. దానిపైన నాలుగు అంగుళాల కంకర. దానిపైన పన్నెండు అంగుళాల ఇసుక మిశ్రమం. దానిపైన గడ్డి. ఇందులో కిటుకేమిటంటే, సన్నటి ఇసుకలోని నీరు పెద్ద పెద్ద సందులున్న కంకరలోకి వెంటనే దిగదు. ఇసుక దాన్ని పట్టుకుని వేలాడదీస్తుంది, వేళ్ళకి అందేలా. వాన ఎక్కువై నీటి బరువు ఒక హద్దు దాటితే ఒక్కసారిగా దిగిపోతుంది. ఎండలో తడి, వానలో పొడి. ఏ మోటారూ మీటరూ అక్కర్లేదు. ఇంజనీరింగు చదివినవాడిగా ఇంత పొదుపైన నిర్మాణాన్ని నేను తక్కువ చూశాను.

కానీ అదీ శాశ్వతం కాదు. చచ్చిన వేళ్ళు, గడ్డి పొట్టు, సన్న మట్టి ఏటా కొంచెం కొంచెంగా ఇసుక సందుల్లో చేరతాయి. నీరు దిగదు. పైన మెత్తబడుతుంది. ఏటా చిల్లులు పొడిచి, ఇసుక చల్లి, ఆ రోజుని వాయిదా వేస్తారు. ఇంతలో పోవా ఆన్యువా అనే కలుపు గడ్డి వస్తుంది. మూడు మిల్లీమీటర్ల ఎత్తున కోసినా ఆ ఎత్తులోనే కంకి వేసి విత్తనం రాలుస్తుంది. బెంట్‌గ్రాస్ మధ్య మచ్చలు మచ్చలుగా పరుచుకుంటుంది, సాయంత్రానికి గరుకవుతుంది, ఎండ ముదిరితే మాడుతుంది. ఒకసారి కుదురుకున్నాక దాన్ని ఏరడం కంటే కొత్తగా మొదలుపెట్టడం సులువు.

2020లో జరిగింది అదే. అన్ని గ్రీన్లూ తవ్వి, కింద నించి కట్టుకొచ్చారు. వేళ్ళ కింద గాలి ఆడించే ఏర్పాట్లు పెట్టారు. పనిలో పనిగా బంకర్లూ టీలూ మార్చారు, కొన్ని గ్రీన్లకి కొత్త వాలు ఇచ్చారు. ఒహాయోలో గడ్డి విత్తనం నాటి వేరు పట్టించడానికి మంచి కాలం ఆగస్టు, సెప్టెంబరు. చలి వచ్చేలోపు గడ్డి నిలబడాలి, తర్వాతి టోర్నమెంటుకి పదకొండు నెలలైనా లేవు. మామూలుగా జూన్ మొదట్లో మొదలవాల్సిన పని జులై చివరికి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం తవ్వకానికి కారణం ముసలాయన చాదస్తం కాదు, గడ్డి పంచాంగం. నేను టీవీ ముందు కూర్చుని వేసిన ప్రశ్నకి జవాబు వ్యవసాయంలో ఉంది.

ఇదే తన ఆఖరి అవకాశం అన్న ధోరణిలో ఆ రోజుల్లో నిక్లాస్ మాట్లాడాడు. 2021లో కొత్త కోర్సు మీద మొదటి మెమోరియల్‌లో జాన్ రామ్ మూడు రోజులకే ఆరు దెబ్బల ఆధిక్యంలో ఉండి, కోవిడ్ పరీక్షలో తేలి తప్పుకోవాల్సొచ్చింది. ప్యాట్రిక్ కాంట్లే గెలిచాడు. మరి నిక్లాస్ ఆగాడా? 2024 టోర్నమెంటుకి పదహారో హోల్‌కి కుడివైపు జరిపిన కొత్త టీ తయారైంది.

నా తీర్పు అంటూ అడిగితే ఇది. నేల కింద చేసిన పనికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. టీలు వెనక్కి జరపడం మాత్రం గెలవలేని పరుగు. ఏటా ఎక్కువ గజాలంటే ఎక్కువ గడ్డి, ఎక్కువ నీళ్ళు, ఎక్కువ మందు, ఎక్కువ డీజిలు. ఆ వెనక టీల మీద ఏడాదిలో నాలుగు రోజులు నూరుమంది లోపు ఆడతారు. మిగతా రోజుల్లో క్లబ్ సభ్యులు ముందున్న టీల నించి ఆడుకుంటారు. టీవీలో మెరిసే ఆ పచ్చదనం చూసి మామూలు ఊళ్ళ క్లబ్బులు కూడా మాకూ అలాగే కావాలని తాహతుకి మించి ఖర్చు పెట్టడం మరో జబ్బు. దానికి అగస్టా పేరుతో ఒక పేరే ఉంది ఆ రంగంలో.

అగస్టా మాట వచ్చింది కాబట్టి: ఆ కోర్సు గీసిన అలిస్టర్ మెకెంజీ 1934 జనవరిలో చనిపోయాడు. మొదటి మాస్టర్స్ మార్చిలో జరిగింది. తన కోర్సు మీద ఒక్క టోర్నమెంటు కూడా ఆయన చూడలేదు. తర్వాత ఎందరో వచ్చి గ్రీన్లు జరిపారు, చెరువులు తవ్వారు, చెట్లు నాటారు. అయినా ఇవాళ్టికీ అది మెకెంజీ కోర్సే. నిక్లాస్‌కి ఆ సంగతి మనందరికంటే బాగా తెలుసు. తాను పోయాక తన పేరు మీద ఇతరులు రాస్తారు. ఈలోగా తానే రాసుకోవాలన్న ఆరాటం ఆయనది. నేను దాన్ని తప్పు పట్టలేను. కానీ ఆ సంతకం కింద కనబడని చేతిరాతలు చాలా ఉన్నాయి.

మా నాన్న చూసిన కోర్సు

రెండేళ్ళ కింద మా నాన్న వచ్చినప్పుడు ప్రాక్టీసు రోజు టిక్కెట్లు కొని తీసుకెళ్ళాను. నాన్న కృష్ణా డెల్టాలో ఇరిగేషన్ డిపార్టుమెంటు లస్కరుగా చేసి రిటైరయ్యాడు. తూములు ఎత్తడం, దించడం, గట్టు మీద సైకిలేసుకుని తిరుగుతూ గండ్లు చూడటం, గుర్రపుడెక్క తీయించడం. వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక పనుల దగ్గర నిలబడటం.

లోపలికి అడుగుపెట్టగానే అన్నాడు, "ఇంత గడ్డేంట్రా, ఒక్క గేదె లేదు."

ఆటగాళ్ళని చూపించాను. చూశాడు గానీ మనసు పెట్టలేదు. పధ్నాలుగో హోల్ దగ్గర వాగు అంచున నిలబడి, "ఈ నీళ్ళు ఎటు పోతాయి?" అన్నాడు. నాకు తెలీదన్నాను. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నావు, తెలీదా అన్నట్టు చూశాడు. తనే వెతికాడు. వాలు కింద గడ్డిలో దాక్కుని ఉన్న ఇనప జల్లెడ దగ్గర వంగి, "ఇదిగో తూము," అన్నాడు. రాత్రి వాన పడింది. లోపల నీళ్ళు పారుతున్న చప్పుడు వినబడుతోంది. నాన్న కాసేపు విన్నాడు, డాక్టరు గుండె విన్నట్టు.

గ్రీన్ల కింద ఇసుక గురించి చెప్పాను, కంకర గురించి, చచ్చిన వేళ్ళు చేరి నీరు దిగకపోవడం గురించి.

"పూడికన్నమాట," అన్నాడు.

"అంతే నాన్నా."

"మరి పూడిక పడితే తీయక చస్తారా? దానికింత పొడుగు కథ చెబుతావేంట్రా."

తిరిగి వస్తుంటే గేటు దగ్గర నిక్లాస్ ఫొటో పెద్దది కనబడింది. ఈయనే కట్టాడు నాన్నా ఇదంతా అన్నాను. నాన్న చూసి తలూపాడు. మా కాలువ మీద లాకుల దగ్గర ఒక శిలాఫలకం ఉంది, మంత్రి పేరుతో. చిన్నప్పుడు నాన్న డ్యూటీకి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడల్లా దాన్ని చదివేవాణ్ణి. ఆ మంత్రి అక్కడికి మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

అటుగా పొద్దుట పని ముగించుకున్న కుర్రాళ్ళు నలుగురు, గమ్‌బూట్ల నిండా కోసిన గడ్డి అంటుకుని, చిన్న బండి మీద వెళుతున్నారు. నాన్న ఆగి, వాళ్ళకేసి చెయ్యి ఊపాడు. అందులో ఒకడు తిరిగి ఊపాడు.

"లస్కర్లు," అన్నాడు నాన్న. "మొత్తం ఎంతమంది ఉంటారు?"

ఆ లెక్క కూడా నాకు తెలీదు.